ఉష్ణమండలంలో వ్యాన్‌తో నిదానంగా: పైకప్పు మీద ఏసీ పెట్టించాలా, వద్దా?

నిదానం

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఈ ఫోరంలో చదువుతూనే ఉన్నాను, రాయడం ఇప్పుడే. నేనూ మా ఆవిడా ఉద్యోగాలకు కొంతకాలం సెలవు చెప్పి వ్యాన్‌లో బయల్దేరుతున్నాం. దక్షిణ మెక్సికో, గ్వాటెమాలా, హోండురస్, నికరాగ్వా, కోస్టారికా మీదుగా పనామా దాకా. కుదిరితే అక్కణ్ణుంచి కొలంబియా. తొందరేమీ లేదు. నచ్చినచోట రెండు వారాలు ఉండిపోయే రకం మేం.

బండి ఎత్తు కప్పున్న డీజిల్ వ్యాన్. మంచం, వంటగట్టు, కంప్రెసర్ ఫ్రిజ్ అయిపోయాయి. 200 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ, పైన 400 వాట్ల సోలార్. వ్యాన్ పని చేస్తున్నాయన "అక్కడ ఏసీ లేకపోతే రెండో రాత్రికే వెనక్కొచ్చేస్తారు, 13,500 బీటీయూది బిగిస్తా, బ్యాటరీ రెట్టింపు చేయించుకోండి" అంటున్నాడు. (బీటీయూ అంటే ఏసీ చల్లబరిచే శక్తికి కొలత.) మా ఆవిడేమో ఫ్యాన్ చాలదా అంటోంది. ఆ దారుల్లో తిరిగినవాళ్లు చెప్పండి. నవంబరు చివర్లో బయల్దేరదామని.

ఆంపియర్

ముందు లెక్క తేలుద్దాం, అభిప్రాయాలు తర్వాత.

మీ బ్యాటరీలో ఉండేది 200 × 12.8, అంటే 2,560 వాట్-అవర్లు. మన మాటలో రెండున్నర యూనిట్లు. ఆ సైజు ఏసీ కంప్రెసర్ తిరుగుతున్నంతసేపూ 1,300 నుంచి 1,500 వాట్లు లాగుతుంది, ఇన్వర్టర్ తినేది అదనం. ఆపకుండా తిరిగితే రెండు గంటలు కూడా రాదు. బ్యాటరీ రెట్టింపు చేస్తే నాలుగు గంటల లోపే. మరి మర్నాడు దాన్ని నింపేదెవరు? 400 వాట్ల ప్యానెళ్లు తేటగా ఎండ కాస్తే రోజుకు ఒకటిన్నర యూనిట్లు ఇస్తాయి, మహా అయితే రెండు. అందులో అర యూనిట్ పైన ఫ్రిజ్‌కే పోతుంది. వేడి ప్రాంతంలో ఇంకా ఎక్కువ, ఎందుకంటే దాని కంప్రెసర్‌కి ఊపిరాడదు.

బ్యాటరీ కొనగానే కరెంటు పుట్టదు. మీ మేస్త్రి అమ్ముతున్నది డబ్బా, మీకు కావలసింది దాన్ని నింపే దారి.

చల్లగాలి

లెక్క సరే ఆంపియర్ గారూ, ఒళ్లు లెక్క ప్రకారం నడవదు కదా. మా అమ్మను వెంటబెట్టుకుని మెక్సికో పసిఫిక్ తీరం వెంట నెలల తరబడి తిరిగాం. ఆవిడకి 70 దాటాయి. రాత్రి 27 డిగ్రీలు, తేమ 90 శాతం, గాలి కదలదు. ఆ పరిస్థితిలో ఫ్యాన్ ఉడుకుగాలినే ముఖం మీదికి విసురుతుంది. పెద్దవాళ్లకి, పసిపిల్లలకి, గుండెజబ్బు ఉన్నవాళ్లకి ఏసీ సౌకర్యం కాదు, అవసరం. వద్దని సలహా ఇచ్చేముందు బండిలో ఎవరెవరుంటారో అడగండి.

కొండదారి

చల్లగాలి గారి మాటతో నాకు పేచీ లేదు. కానీ నిదానం గారు అడిగిన దారిని ఒకసారి మ్యాపులో ఎత్తుల రంగులు పెట్టి చూడండి. ఆ దారి పొడవునా పక్కనే కొండలున్నాయి.

సముద్రమట్టం నుంచి ప్రతి 1,000 మీటర్లకీ సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. తీరంలో 32 ఉన్నరోజు 1,500 మీటర్ల మీద 22 ఉంటుంది. దక్షిణ మెక్సికోలోని చియాపాస్‌లో సాన్ క్రిస్టోబల్ దాదాపు 2,200 మీటర్లు. గ్వాటెమాలాలో ఆంటిగ్వా, అతిత్లాన్ సరస్సు రెండూ 1,500 పైన. కోస్టారికా నడిమి లోయ 1,100కి అటూ ఇటూ. పనామాలో బొకెటె సుమారు 1,200. ఈ ఊళ్లలో రాత్రి దుప్పటి కావాలి. ఏసీ మాట ఎవరికీ గుర్తురాదు.

కాబట్టి ఉష్ణమండలంలో నిదానంగా తిరగడమంటే రోజుకు ఇన్ని కిలోమీటర్లని గీత గీసుకోవడం కాదు. తీరంలో మూడు నాలుగు రాత్రులు, ఉక్కపోత విసిగించగానే కొండమీద రెండు వారాలు, మళ్లీ కిందికి. మేం దిగేది సముద్రం కోసం, ఎక్కేది నిద్ర కోసం.

తొందరున్నవాళ్లకి ఇది కుదరదు. వాళ్లు తీరం రోడ్డు పట్టుకుని ఉడుకుతూ పోవాల్సిందే, వాళ్లకి ఏసీ కావాలి. తీరిక ఉన్నవాళ్లకి అక్కర్లేదు. మీకు తీరిక ఉందన్నారు కదా?

నిదానం

@చల్లగాలి గారూ, ఉండేది మేమిద్దరమే, నలభైల్లో ఉన్నాం, ఆరోగ్యం బాగానే ఉంది. @కొండదారి గారూ, ఈ కోణం మాకు తట్టనే లేదు. మరి కొండల మీద వానలు ఎక్కువ కదండీ? నవంబరు చివర అన్నది సరైన సమయమేనా?

కొండదారి

పసిఫిక్ వైపైతే బంగారం లాంటి సమయం. మధ్య అమెరికాలో ఆ వైపు వానలు స్థూలంగా మే నుంచి నవంబరు దాకా, పొడికాలం డిసెంబరు నుంచి ఏప్రిల్. సూర్యుడు ఉత్తరానికి జరిగితే వాన పట్టీ కూడా వెంట జరుగుతుంది, వెనక్కి పోతే అదీ పోతుంది. అట్లాంటిక్ తుపాన్ల సీజన్ అధికారికంగా నవంబరు 30తో ముగుస్తుంది.

ఒక మెలిక ఉంది. కరీబియన్ వైపుకి ఈ క్యాలెండర్ పట్టదు. అక్కడ ఏడాదంతా వానే, పైగా కోస్టారికా కరీబియన్ తీరంలో కాస్త తెరిపి ఇచ్చేది సెప్టెంబరు, అక్టోబరుల్లో, అవతలి తీరం తడిసి ముద్దయ్యే రోజుల్లో! మధ్యలో కొండలు గోడకట్టి నిలబడటంతో ఒకే దేశంలో రెండు క్యాలెండర్లు.

ఇంకోటి. పొడికాలం అంతా ఒకేలా ఉండదు. జనవరి హాయి. మార్చి ఆఖరుకి, ఏప్రిల్‌కి నేల ఎండి, పొలాలు తగలబెట్టిన పొగ కమ్ముకుని, వాన రాకముందటి ఉడుకు ఉంటుంది చూశారూ, అసలు పరీక్ష అప్పుడు. ఆ రోజుల్లో 1,200 మీటర్లకి తగ్గకండి.

స్పానర్ బాబాయ్

కొండలెక్కమని చెప్పేవాళ్లు దిగడం గురించి చెప్పరేమిటమ్మా?

కోస్టారికాలో పాన్ అమెరికన్ రహదారి సెర్రో దె లా ముయెర్తె అనే కనుమ దగ్గర 3,300 మీటర్లు దాటుతుంది. అక్కణ్ణుంచి సాన్ ఇసిద్రో వైపు దిగితే ఊరు 700 మీటర్లలో ఉంటుంది. అంటే రెండున్నర వేల మీటర్ల పైగా దిగుడు, మలుపులు, పొగమంచు, ముందు లారీ. నీళ్లు, సామాను అన్నీ కలిసి మూడు టన్నులు దాటిన వ్యాన్‌ని బ్రేకు పెడల్ మీద కాలు పెట్టి దింపితే సగం దారిలో కాలిన వాసన, ఆ తర్వాత పెడల్ మెత్తబడటం. దిగుడు మొదట్లోనే చిన్న గేర్‌లో పెట్టు, ఇంజనే బండిని పట్టుకుంటుంది. వేగం పెరిగాక గేరు తగ్గిద్దామంటే కుదరదు. బ్రేకు గట్టిగా కొద్దిసేపు వేసి పూర్తిగా వదిలెయ్, ఆనించి ఉంచకు. ఆటోమేటిక్ అయినా మాన్యువల్ మోడ్ ఉంటుంది, వాడు.

ఇప్పుడు ఉష్ణమండలం సంగతి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదు, అది ప్రమాణం. తేమ పట్టాక ఆ ప్రమాణమే 155కి పడిపోతుంది. మరిగితే లోపల ఆవిరి బుడగలు, పెడల్ నేలకంటుతుంది. రెండేళ్లకోసారి మార్చాలని పుస్తకంలో రాస్తారు. తడిసీమలో తిరిగేవాడు ఏటా మార్చుకుంటే పోయేదేం లేదు. బయల్దేరేముందు అది మార్పించు, ఏసీ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

నిదానం

బాబాయ్, బండి డీజిల్ అన్నాను కదా. కొత్త మోడలే, పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్, పొగని శుభ్రం చేసే యూరియా ద్రవానికి ట్యాంకు ఉన్నాయి. వాటితో ఇబ్బందేమైనా?

స్పానర్ బాబాయ్

ఉంటుంది. ఆ ఫిల్టర్‌కి గంధకం తక్కువున్న డీజిల్ కావాలి. అన్ని దేశాల్లో, అన్ని బంకుల్లో అదే దొరుకుతుందని నమ్మకం పెట్టుకోకు. పెద్ద ఊళ్లలో, రద్దీ బంకుల్లో పోయించు, బంకు మీద ఏం రాసుందో చదువు. ఫిల్టర్ తనను తాను కాల్చుకుని శుభ్రం కావడానికి బండి కాసేపు ఆపకుండా మంచి వేగంతో నడవాలి. నిదానంగా తిరిగే మీలాంటివాళ్లు రోజుకు పది కిలోమీటర్లు గతుకుల్లో పాకితే అది కాలదు, మూసుకుపోతుంది. వారానికోసారైనా అరగంట రహదారి మీద లాగించు. యూరియా ద్రవం ఎండకు తొందరగా చెడుతుంది, నెలలకు సరిపడా డబ్బాలు కప్పు కింద దాచుకోకు.

డీజిల్ ట్యాంకు ఖాళీగా ఉంచితే ఆ ఖాళీలోని తేమ నీరై అడుక్కి చేరుతుంది, ఆ నీళ్లలో క్రిములు పెరిగి బురదలా ఫిల్టర్‌ని కప్పేస్తాయి. ఎక్కువ రోజులు ఒకచోట ఆగుతున్నప్పుడు ట్యాంకు నిండా పోయించి ఆగు. నీరు వేరుచేసే గిన్నె ఉంటే దాని అడుగు మర వదులు చేసి అప్పుడప్పుడూ చూడు.

టైరు గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడాలి. మధ్యాహ్నం వేడి మీద ఎక్కువ చూపిస్తోందని తీసేశావంటే చల్లారాక తక్కువవుతుంది.

ఆంపియర్

ఏసీ సంగతికొస్తాను. అసలు వ్యాన్ ఎందుకు ఉడుకుతుందో చూడండి. ఉష్ణమండలంలో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు నిట్టనిలువుగా నెత్తిమీదికొస్తాడు. 15 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో అది మే మొదట్లో ఒకసారి, ఆగస్టు మధ్యకి కాస్త ముందు ఒకసారి. మిగతా రోజుల్లోనూ మధ్యాహ్నం దెబ్బ గోడల మీద కాదు, కప్పు మీదే. కాబట్టి డబ్బు పెట్టాల్సింది కప్పు మీద. తెల్లరంగు వేయించండి. సోలార్ ప్యానెళ్లని కప్పుకి అతికించకుండా కింద నాలుగు వేళ్ల సందు ఉండేలా బిగించండి. కప్పుకి అవే నీడ, కింద గాలి ఆడితే ప్యానెల్ కూడా చల్లబడుతుంది. ప్యానెళ్లు 25 డిగ్రీల మీద ప్రతి డిగ్రీకీ సుమారు 0.35 శాతం పోగొట్టుకుంటాయి. ప్యానెల్ 65కి కాగిందంటే దాదాపు 14 శాతం గోవిందా. ఇక్కడ వాటిని వంపుగా నిలబెట్టే తంటా లేదు, పడుకోబెట్టినా బాగానే పనిచేస్తాయి.

వేడి ఆపడానికి గోడల్లో దళసరిగా ఇన్సులేషన్ కొట్టించి కిటికీలు తగ్గించేవాళ్లున్నారు. ఫ్లాస్కు చల్లదనాన్నే కాదు, వేడినీ అంతే శ్రద్ధగా దాస్తుంది. పగలు తలుపు తీసి, ఫ్రిజ్ వేడి, వంట వేడి, మన ఒంటి వేడి లోపలికి చేరాక రాత్రి అది బయటికి పోవాలి. పోయే దారి ఫ్యాన్. ఒక ఫ్యాన్ కప్పు మీద బయటికి లాగేది, మంచం దగ్గర కిందగా నీడ వైపు ఒక కిటికీ తెరిచి. మిగతావన్నీ మూసెయ్యండి, లేకపోతే గాలి దగ్గరి దారి చూసుకుని మిమ్మల్ని తాకకుండానే వెళ్లిపోతుంది. ఇలాంటి 12 వోల్టుల ఫ్యాన్ తక్కువ వేగంలో రాత్రంతా తిరిగినా అయ్యే ఖర్చు యూనిట్‌లో పదోవంతు.

చల్లగాలి

బాగుంది. కానీ ఫ్యాన్ ఎంత తిప్పినా లోపలి వేడి బయటి వేడి కన్నా తగ్గదు. బయట 28 ఉంటే లోపల 28. ఒప్పుకుంటారా?

ఆంపియర్

ఒప్పుకోక చేసేదేముంది. ఫ్యాన్ గదిని చల్లబరచదు, మనిషిని చల్లబరుస్తుంది, అదీ చెమట ఆరితేనే. తీరంలో గాలి స్తంభించిన రాత్రి 28 డిగ్రీల దగ్గర అది హద్దుకొస్తుంది. ఆ రాత్రుల కోసం ఏసీ అంటే కాదనను. కానీ ఆ రాత్రికి పైకప్పు ఏసీ బ్యాటరీ మీద నడవదు, కరెంటు ప్లగ్గున్న క్యాంపింగ్ స్థలం వెతుక్కోవాల్సిందే. అలాంటప్పుడు అదే రాత్రికి ఏసీ గది అద్దెకు తీసుకున్నా ఒకటే కదా!

12 వోల్టుల ఏసీలు వచ్చాయి, నెమ్మదిగా 400, 600 వాట్లతో నడుస్తాయి. చిన్న పడకభాగాన్ని తెరతో వేరుచేసి దాన్నే చల్లబరిస్తే రాత్రికి రెండు యూనిట్లలో సరిపెట్టొచ్చు. దానికి మీ సోలార్ రెట్టింపు కావాలి, కప్పు మీద చోటుండాలి.

చల్లగాలి

ప్లగ్గు మాటొచ్చింది కాబట్టి ఇది అందరికీ పనికొస్తుంది. క్యాంపింగ్ స్థలాల్లో ఎర్త్ లేని సాకెట్లు, ఫేజు-న్యూట్రల్ తారుమారైనవి మామూలే. ప్లగ్గు పెట్టేముందు టెస్టర్ పెట్టి చూడండి. సాయంత్రం అందరూ వేసుకునేసరికి వోల్టేజి పడిపోతుంది, ఏసీ కంప్రెసర్లు కాలేది ఆ తక్కువ వోల్టేజికే. తక్కువైనప్పుడు తనే తెగిపోయే రక్షణ పరికరం ఒకటి మధ్యలో పెట్టుకున్నాకే మేం నిశ్చింతగా పడుకున్నాం.

తేమగోడ

ఏసీ అనుకూలురు, వ్యతిరేకులు ఇద్దరూ వదిలేసిన విషయం బూజు. వ్యాన్ల లోపలి పని చేసేవాణ్ణి, చెక్క విప్పి చూసినవాణ్ణి.

చలిదేశాల పద్ధతిలో గోడకి లోపలివైపు ప్లాస్టిక్ పొర కొడతారు, లోపలి తేమ చల్లని రేకుని తాకకూడదని. ఉష్ణమండలంలో ఏసీ వేస్తే కథ తిరగబడుతుంది. తేమ బయట, చల్లదనం లోపల. సందుల్లోంచి దూరిన తడిగాలి మీ చల్లటి చెక్కపలక వెనక్కి చేరి అక్కడ నీరవుతుంది. మీకు కనపడదు. కొన్నాళ్లకి ముక్కిపోయిన వాసనొస్తుంది, పలక విప్పితే వెనకంతా నల్లటి మచ్చలు. ఏసీ అప్పుడప్పుడూ మాత్రమే వేసేవాళ్లకి ఈ బాధ తక్కువ, రోజంతా 20లో పెట్టేవాళ్లకి ఎక్కువ.

ఏసీ లేకున్నా పరుపు కింద చూసుకోండి. రాత్రంతా మన ఒంటి తేమ పరుపులోంచి దిగి కింద గట్టి చెక్క ఉంటే అక్కడే ఆగిపోతుంది. పలక తీసేసి సందులున్న పట్టీలు వేయించండి, పొద్దున లేచాక పరుపుని నిలబెట్టండి. తోలు చెప్పులు, బెల్టు, కెమెరా సంచి... బూజుకి ఇవంటే ప్రీతి. మూతపెట్టిన పెట్టెలో తేమ పీల్చే గుళికలు వేసి కెమెరా అందులో దాచండి.

దోమతెర

నర్సుని. అందరూ గాలి గురించే మాట్లాడుతున్నారు, ఆ గాలితో వచ్చేవాటి గురించి నేను చెప్తాను.

మలేరియా దోమ సందెవేళ నుంచి తెల్లారేదాకా కుడుతుంది, డెంగీ దోమ పగలు కుడుతుంది, ముఖ్యంగా పొద్దున, మళ్లీ చీకటి పడేముందు. అంటే రాత్రి తెర కట్టుకుని పగలు నిక్కరుతో చెట్టుకింద కూర్చుంటే సగం రక్షణే. డెంగీకి రెండోసారి వేరే రకం సోకితే ముదిరే ప్రమాదం ఎక్కువ. జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకోండి, అది ఏ జ్వరమో తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోకండి, రక్తస్రావం పెంచుతాయి. మలేరియా మాత్రలు ఏ ప్రాంతానికి కావాలో, మీకు ఏది పడుతుందో ముందే డాక్టర్ని అడగండి.

కిటికీ జాలీ: మామూలు జాలీకి 1.2 మిల్లీమీటర్ల కంత ఉంటుంది, దోమ ఆగుతుంది. తీరంలో, మడ అడవుల దగ్గర కంటికి ఆనని నుసుములుంటాయి, అవి అందులోంచి దర్జాగా వస్తాయి. వాటికి 0.6 మిల్లీమీటర్ల జాలీ కావాలి. కానీ అంత సన్నపు జాలీ గాలినీ ఆపేస్తుంది. అందుకే మేం రెండు రకాలూ పెట్టుకుని తీరంలో సన్నది, కొండమీద మామూలుది తగిలిస్తాం. ఒంటికి రాసుకునే దోమల మందులో డీట్ అనే రసాయనం ఉంటే అది ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది, స్టీరింగూ కళ్లద్దాలూ పట్టుకునేముందు చేతులు కడుక్కోండి. పికారిడిన్ అనే రసాయనం ఉన్న మందుతో ఆ గొడవ లేదు.

కొలంబియా వెళ్తే పచ్చజ్వరం టీకా. వేయించుకున్న 10 రోజులకి పత్రం చెల్లుబాటవుతుంది. 2016 జూలై నుంచి అది జీవితాంతం చెల్లుతుంది, మళ్లీ వేయించుకోనక్కర్లేదు. 60 దాటినవాళ్లు మాత్రం డాక్టరుతో మాట్లాడాకే. ఆ పత్రం లేకుండా కొలంబియా నుంచి వెనక్కి కోస్టారికా వస్తే సరిహద్దులో ఆపుతారు.

ఉత్తరపు ఎండ

నేను తిరిగేది ఉత్తర ఆస్ట్రేలియాలో, అదీ ఉష్ణమండలమే. అక్కడ నిదానమన్నది మన ఇష్టం కాదు, వాన ఇష్టం. సుమారు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానాకాలం. అక్కడి కింబర్లీ ప్రాంతంలోని గిబ్ రివర్ రోడ్డు, దాదాపు 660 కిలోమీటర్లు, ఆ రోజుల్లో మూసేస్తారు. మూసిన రోడ్డెక్కితే జరిమానా. మే నుంచి సెప్టెంబరు తిరగడానికి, మిగతా కాలం దక్షిణానికి జరగడానికి.

నీళ్ల పక్కన బండి ఆపాలని అందరికీ ఉంటుంది. అక్కడ ఉప్పునీటి మొసళ్లు సముద్రంలోనే కాదు, లోపలికి చాలా దూరం మంచినీటి వాగుల్లోనూ ఉంటాయి. నీటి అంచు నుంచి కనీసం 50 మీటర్లు దూరంగా ఉండాలని అధికారుల హెచ్చరిక. రోజూ ఒకేచోట, ఒకే వేళకి బిందె ముంచడం కూడా వద్దు, మొసలి గమనిస్తుంది. ఇక రోడ్ ట్రెయిన్లు, ఒకే లారీకి వెనక ట్రెయిలర్లు కట్టి 53.5 మీటర్ల దాకా పొడవు. వాటిని దాటే ప్రయత్నం చేయకండి, పక్కకి ఆగి టీ తాగండి.

నిదానం గారికి పనికొచ్చే ముక్క ఒకటి: ఎక్కడ ఆగినా నీడ మీకు పడమరన ఉండేలా చూసుకోండి. పొద్దున ఎండ ప్యానెళ్ల మీద పడనివ్వాలి, మధ్యాహ్నం మూడు తర్వాత ఎండని చెట్టో గోడో ఆపాలి. తూర్పున నీడ పెట్టుకుంటే అటు బ్యాటరీ నిండదు, ఇటు పడుకునే వేళకి బండి కాగి ఉంటుంది. కొబ్బరిచెట్టు నీడ మాత్రం వద్దే వద్దు. కాయ పడితే ప్యానెల్ అద్దం పోతుంది, నెత్తిన పడితే చెప్పేదేముంది.

మట్టిరోడ్డు

ఉత్తరపు ఎండ అన్నా, నువ్వు మూసిన రోడ్డంటున్నావు, బ్రెజిల్‌లో తెరిచే ఉంటుంది, నువ్వే పోలేవు. మనౌస్ నుంచి పోర్తో వెల్యో దాకా బీఆర్-319 రహదారి, దాదాపు 880 కిలోమీటర్లు, నడిమి భాగం చాలామేర మట్టి. ఎండాకాలంలో దుమ్ము, వానాకాలంలో లారీలు బురదలో వరసగా కూరుకుపోతాయి. 2022లో దాని మీద రెండు వంతెనలు కొద్దిరోజుల తేడాలో కూలాయి. వెళ్లాలనుకునేవాళ్లు జూలై, అక్టోబరు మధ్య చూసుకోండి. లేదంటే బండిని పడవ మీదెక్కించి నది వెంట పోవచ్చు. ఊయల కట్టుకుని పడుకుంటే అంతకన్నా నిదానమైన ప్రయాణం ఇంకోటి లేదు.

ఓడరేవు

అసలు కథ ఇక్కడుంది, ఇప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. పనామాలో యావీసా దగ్గర రోడ్డు అయిపోతుంది. అవతల కొలంబియా రోడ్డు దొరికేదాకా సుమారు 100 కిలోమీటర్లు అడవి, చిత్తడి. దారియెన్ అంటారు. బండిని పనామాలోని కోలోన్ రేవు నుంచి కొలంబియాలోని కార్తహేనాకి ఓడలో పంపాలి.

పంపడానికి ముఖ్యమైన దారులు రెండు. కంటెయినర్లో పెట్టి తాళం వేస్తే సామాను భద్రం. కానీ మామూలు కంటెయినర్ గుమ్మం ఎత్తు సుమారు 2.28 మీటర్లు, ఎత్తు రకమైతే 2.58. ఎత్తు కప్పు వ్యాన్లు చాలావరకు 2.7 దాటుతాయి, పట్టవు. ఇక మిగిలింది బండిని నడిపి ఎక్కించే ఓడ. దానికి తాళంచెవులు వాళ్ల చేతికివ్వాలి, బండిలో విలువైనవి ఉంచకూడదు, గ్యాసు సిలిండర్ ఖాళీ చేయాలి, డీజిల్ అడుగున కొంచెమే ఉండాలి. అద్దె ఘనపరిమాణం మీద లెక్కిస్తారు. నిదానం గారూ, పైకప్పు ఏసీ పెడితే 25, 30 సెంటీమీటర్లు ఎత్తు పెరుగుతుంది, ఆ గాలికి కూడా ఓడ అద్దె కడతారు!

ఓడెక్కించేముందు పనామా పోలీసులు బండి తనిఖీ చేస్తారు. ఛాసిస్ నంబరులో ఒక్క అంకె మీ కాగితంతో తేడా ఉన్నా ఆగిపోతుంది. అన్ని సరిహద్దుల్లోనూ వాళ్లు రాసిచ్చిన కాగితాన్ని అక్కడే నిలబడి అక్షరం అక్షరం చూసుకోండి, తర్వాత దిద్దించాలంటే తలప్రాణం తోకకొస్తుంది.

నిదానం

ఏసీకి ఓడ అద్దె కూడా ఉందని ఆయన చెప్పలేదు :) పర్మిట్ల గురించి కూడా కాస్త చెప్పండి ఓడరేవు గారూ. ఒకచోట రెండేసి వారాలంటే రోజులు చాలతాయా?

ఓడరేవు

మంచి ప్రశ్న, నిదానం వాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మనిషికి ఇచ్చే రోజులు వేరు, బండికి ఇచ్చే రోజులు వేరు. తక్కువ ఏదుంటే అదే మీ గడువు. గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్, హోండురస్, నికరాగ్వా నాలుగూ సీఏ-4 అనే ఉమ్మడి రాకపోకల ఒప్పందం కింద ఉన్నాయి, నాలుగింటికీ కలిపి సాధారణంగా 90 రోజులు. దేశం మారగానే కొత్తగా మొదలవదు. అతిత్లాన్ ఒడ్డునే నెలన్నర కూర్చుంటే మిగతా మూడు దేశాల్ని పరుగు మీద దాటాలి. వీసా మీ పాస్‌పోర్టుని బట్టి, అది ముందే చూసుకోండి.

మెక్సికోలో మాత్రం తీరిక ఉంది. బండిని మోటార్‌హోమ్‌గా ఒప్పుకుంటే పర్మిట్ 10 ఏళ్లకిస్తారు, మామూలు బండిగా రాస్తే మీ పర్యాటక కాలం వరకే. లోపల కదలని మంచం, వంటగట్టు, టాయిలెట్ కనపడాలి. ఫొటోలు దగ్గరుంచుకోండి, నిర్ణయం కౌంటర్లో కూర్చున్నాయనది. కోస్టారికాలో బండికి మామూలుగా 90 రోజులు. డ్రోన్ ఉంటే నికరాగ్వాకి తీసుకెళ్లకండి, సరిహద్దులోనే తీసేసుకుంటారు.

కొండదారి

నవంబరు చివర బయల్దేరేవాళ్లకి ఇంకో హెచ్చరిక. తెవాంతెపెక్ భూసంధి దగ్గర, మెక్సికో సన్నగా నడుం బిగించినచోట, లా వెంటోసా అనే ఊరుంది. చలికాలంలో ఉత్తరం నుంచి దిగే గాలి రెండు కొండల మధ్య సందులోంచి దూసుకొచ్చి అక్కడ లారీల్ని పడదోస్తుంది. చుట్టూ గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఎత్తు కప్పు బండి మీది. గాలి హెచ్చరిక చూసుకుని, ఉంటే ముందు ఊళ్లోనే రెండు రోజులు ఆగండి. ఇలా ఆగే వెసులుబాటు కోసమే కదా తీరిక చేసుకున్నది.

రాత్రి నడపకండి. ఆ అక్షాంశాల్లో ఏడాదంతా ఆరు గంటల ప్రాంతంలోనే చీకటి పడుతుంది, ఎండాకాలపు పొడవాటి సాయంత్రాలుండవు. మెక్సికోలో తోపెస్ అని స్పీడ్ బ్రేకర్లుంటాయి, రంగుండదు, బోర్డుండదు, చెట్టునీడలో పగలే కనపడవు. తెల్లవారుతూనే బయల్దేరి పదకొండుకల్లా ఆగిపోండి, చోటు చూసుకోవడానికి వెలుతురు మిగులుతుంది.

దోమతెర

చీమల మాట మర్చిపోయాం. అవి బండిలోకి నాలుగు టైర్ల మీంచే ఎక్కుతాయనుకుంటారు. కరెంటు తీగ, నీళ్ల గొట్టం, పందిరి తాడు, కిటికీకి ఆనుకున్న కొమ్మ... ఏదైనా వంతెనే. నేలని తాకే ప్రతి తీగకీ ఒక జానెడు మేర వాసెలిన్ పూస్తే చాలావరకు ఆగుతాయి.

నీళ్ల ట్యాంకులోనూ వేడికి లోపల జిగురు పడుతుంది. వాసన లేని మామూలు బ్లీచ్ అయితే లీటరుకి రెండు చుక్కలు, అరగంట ఆగి వాడండి. తాగేవాటికి ఫిల్టర్ విడిగా.

నిదానం

అందరికీ దండాలు. రాత్రి ఇద్దరం కూర్చుని మొత్తం చదివాం. పైకప్పు ఏసీ మానేశాం. ఆ డబ్బుతో రెండో ఫ్యాన్, కప్పుకి తెల్లరంగు, మంచానికి పట్టీలు, బ్రేకుల పని. దారి కూడా మార్చాం: డిసెంబరు ఓహాకా, సాన్ క్రిస్టోబల్ కొండల్లో, జనవరిలో తీరం, మార్చికల్లా కోస్టారికా ఎత్తుల్లో. చల్లగాలి గారూ, ఉక్కపోత మరీ మితిమీరిన రాత్రికి గది తీసుకుంటాం, మాటిస్తున్నాను.

ఒకటే సందేహం మిగిలింది. రెండో ఫ్యాన్ ఎక్కడ పెట్టించాలి? వంటగట్టు మీదా, పడక మీదా?

ఆంపియర్

ఒకటి వంటగట్టు మీద బయటికి లాగేలా, ఇంకోటి పడక మీద లోపలికి తోసేలా. రాత్రి వంటగట్టుది నెమ్మదిగా, పడకది దానికన్నా కాస్త ఎక్కువగా. వాన పడుతున్నప్పుడు మూత తెరిచి ఉంచగలిగే గొడుగున్న రకమే తీసుకోండి, ఉష్ణమండలంలో సరిగ్గా ఉక్కపోసేది వాన పడుతున్నప్పుడే.

చల్లగాలి

ఏసీకని కప్పులో కోయబోయిన 14 అంగుళాల చదరపు కంతే ఫ్యాన్‌కీ సరిపోతుంది. ఏసీకి కావలసిన తీగ కూడా ఇప్పుడే లాగించి పెట్టుకోండి. రేపు అమ్మానాన్నల్ని తీసుకెళ్లాలనిపిస్తే ఫ్యాన్ తీసి ఏసీ కూర్చోబెట్టొచ్చు, కప్పు మళ్లీ కోయక్కర్లేదు.

ఓడరేవు

బిగించాక ఎత్తు మళ్లీ కొలవండి. కప్పు దాకా కాదు, ఫ్యాన్ మూత మూసి దాని పైఅంచు దాకా, టైర్లలో పూర్తి గాలి ఉన్నప్పుడు. మీటర్లలో రాసి స్టీరింగ్ పక్కన అతికించండి. ఓడవాళ్లకి ఇచ్చే కాగితం మీదా అదే అంకె వెయ్యాలి. రేవులో వాళ్ల కొలతకీ మీ కాగితానికీ తేడా వస్తే ఆ తేడాకి కట్టించుకున్నాకే బండి కదలనిస్తారు.